ఏనుగుల దోవలో సైకిలు లైటు

కరెంటు పనివాడి సైకిలుకే లైటు వెలగదని మా ఆఫీసులో నా మీద ఒక మాట ప్రచారంలో ఉండేది. అబద్ధమైతే కొట్లాడేవాణ్ని. నేను లైన్‌మన్‌గా చేరింది మదనపల్లెలో. తర్వాత చాలా ఏళ్లు పుంగనూరులో చేసి, చివరికి కుప్పంలో రిటైరయ్యాను. మూడు చోట్లా నా వెంట తిరిగింది ఒకటే నల్ల సైకిలు. ఎండాకాలమంతా దాని లైటు బ్రహ్మాండంగా వెలిగేది. నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, అలిగిన కొత్తల్లుడిలా మొహం మాడ్చుకునేది.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను చూడడానికి వస్తే, తుఫాన్లలో ఏం చేశారు సార్, ఎన్ని స్తంభాలు నిలబెట్టారు అని అడుగుతుంటారు. స్తంభాలు నిలబెట్టడంలో చెప్పుకునేదేముంది, అది అందరం చేసే పనే. నేను మీకు చెప్పాలనుకునేది వానలో సైకిలు లైటు గురించి. నవ్వితే నవ్వండి. ఆ లైటు వెలగబట్టే ఒక తెల్లవారుజామున నేనొకటి చూశాను. చూశాను అనడం కూడా తప్పే. కంటికి ఏమీ కనపడలేదు, చేతికి తెలిసింది. అది తలచుకుంటే ఇప్పటికీ నా ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడతాయి.

తోటివాళ్లందరూ మోటారు సైకిళ్లకు మారినా నేను మారలేదు. పిసినారితనమని కొందరు, పిరికితనమని కొందరు అనుకున్నారు. అసలు సంగతేమిటంటే మన లైన్లు రోడ్డు వెంట పోవు. చేలకు అడ్డంపడి, వంకలు దాటి, గుట్టలెక్కి పోతాయి. సైకిలైతే వంక దగ్గర భుజానికి ఎత్తుకుని దాటేస్తాను. మోటారు సైకిలును ఎత్తుకోవాలంటే నాలాంటివాళ్లు నలుగురు కావాలి, వాళ్లలో ముగ్గురికి నడుం నొప్పి ఉంటుంది.

అయితే మన ఉద్యోగంలో వాన పడితేనే అసలు పని. గాలికి కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, స్తంభం మీద తీగను పట్టే పింగాణీ పగులుతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఊరంతా దుప్పటి కప్పుకునే వేళకు మనం సంచీ తగిలించుకుని బయలుదేరాలి. నా సైకిలు లైటు ఆరిపోవడానికి సరిగ్గా ఆ ముహూర్తమే ఎంచుకునేది. నాది డైనమో లైటు. సీసా ఆకారంలో ఉండే చిన్న డైనమో వెనక టైరుకు ఆనుకుని ఉంటుంది. టైరు తిరిగితే దాని మూతి తిరిగి కరెంటు పుడుతుంది. అక్కడి నుంచి సన్నటి వైరు సైకిలు కడ్డీ వెంట ముందుకు వెళ్లి, హ్యాండిలు మీదుగా లైటులోకి దిగుతుంది. మధ్యలో బ్యాటరీ లైట్లు కూడా వాడి చూశాను. లోపలికి నీళ్లు దిగి, చిలుము పట్టి, రెండో వానకే అవి మూలకు చేరాయి.

మదనపల్లెలో నాకు పని నేర్పిన పెద్ద లైన్‌మన్ ఒకాయన ఉండేవాడు. వానలో లైటు లేకుండా వచ్చినందుకు మొదటి ఏడే నన్ను పట్టుకుని తిట్టాడు. నాకు దారి కంఠోపాఠమని నేను గొప్పలు పోయాను. ఆయన నన్ను తీసుకెళ్లి టమోటా మార్కెట్టు రోడ్డు మీద నిలబెట్టాడు. వానలో లారీలు ఒకదాని వెనక ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ వస్తున్నాయి. అప్పుడు ఆయన అన్న మాట ఉద్యోగమంతా నాకు పనికొచ్చింది.

“లైటు నీకు దోవ కనపడేదానికి కాదప్పా. నువ్వు వాళ్లకు కనపడేదానికి.”

పుంగనూరుకు వచ్చాక నాకు జతగాడు దొరికాడు. అతనూ సైకిలు మనిషే. వాన లైటు మీద మేమిద్దరం చేసిన ప్రయోగాలు చూస్తే శాస్త్రవేత్తలు కుళ్లుకుని ఉండేవాళ్లు. తడిసిన టైరు మీద డైనమో మూతి జారిపోతుంది కదా, దానికి పాత ట్యూబును ఉంగరంలా కోసి తొడిగాం. పాల ప్యాకెట్టు కవరు కడిగి డైనమోకు టోపీ పెట్టాం. వైరు అతుకుల మీద కొవ్వొత్తి కరిగించి పోశాం. బల్బు పట్టే చోట కొబ్బరినూనె రాశాం. ప్రతి ఉపాయమూ కొన్నాళ్లు పనిచేసేది, మేం మురిసిపోయేవాళ్లం, పెద్ద వాన వచ్చి మా మురిపాన్ని కడిగేసేది.

చివరికి నాకు ఒళ్లు మండి, లైటుకు నల్ల టేపు చుట్టేశాను. మన చేతిలో టేపు ఉంటే ప్రపంచంలో కారే ప్రతిదానికీ మందు ఉన్నట్టే అనిపిస్తుంది. అద్దం చుట్టూ, వెనక మూత చుట్టూ, వైరు దూరే రంధ్రం చుట్టూ చీమ దూరే సందు లేకుండా చుట్టాను. జతగాడు చూసి, లైటుకు గాలి ఆడేదెట్లా అని నవ్వాడు. దానికేం ఊపిరితిత్తులున్నాయా అని నేను విసుక్కున్నాను. ఆ టేపుతోనే కుప్పానికి బదిలీ అయ్యాను.

కుప్పంలో నాకు దక్కిన సెక్షన్ అడవి అంచున ఉండేది. తమిళనాడు వైపు నుంచి, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు వచ్చిపోతుంటాయి. రాగి కంకి పండే వేళకు గుట్ట దిగి చేలల్లో పడతాయి. అక్కడి రైతులు రాత్రంతా చేని గట్టున గుడిసె వేసుకుని, బల్బు వెలిగించుకుని కాపలా కాస్తారు. నేను అక్కడికి పోయేదాకా ఏనుగంటే రథోత్సవంలో చూసిందే. పోయిన కొత్తల్లో పక్క సెక్షన్‌లో తీగ సాగి కిందికి వేలాడితే, అది తగిలి ఒక ఏనుగు చచ్చిపోయింది. లైను సరిచేయడానికి నన్నూ పిలిచారు. పడి ఉన్న ఏనుగు పక్కన నిలబడితే దాని పొట్ట నా ఛాతీ దాకా వచ్చింది. నేను రోజూ ఇంటింటికీ ఇచ్చే కరెంటే అంతటి ప్రాణాన్ని అట్లా పడేసిందంటే నమ్మబుద్ధి కాలేదు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

అటవీశాఖ తరఫున ఏనుగుల వెంట తిరిగే ట్రాకర్ ఒకతను అక్కడే నాకు స్నేహితుడయ్యాడు. ఆ చుట్టుపక్కల పల్లెవాడే. పేడ చూసి గుంపు ఎంతసేపటి కిందట పోయిందో చెప్పేవాడు. ఏ ఏనుగు నెమ్మదస్తురాలు, ఏది తిక్కది అని మన ఇంటి మనుషుల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఆ ఏడు వచ్చిన గుంపులో ఈమధ్యే పుట్టిన బిడ్డ ఒకటుందనీ, దాని తల్లి ఎప్పుడూ అందరికంటే వెనక పడుతుందనీ అతనే చెప్పాడు. నా సైకిలు లైటు చూసి మాత్రం, దీనికంటే మిణుగురు పురుగులు మేలన్నా అని ఏడిపించేవాడు.

ఆ కార్తీకంలో తుఫాను పట్టుకుని వాన రోజుల తరబడి వదల్లేదు. నేల నానిపోయి, స్తంభాలు పాతిన గుంతలు ముద్దగా తయారయ్యాయి. ఒకరోజు ఇంకా చీకటి ఉండగానే తలుపు దబదబా మోగింది. తీస్తే ట్రాకర్, తల నుంచి కాళ్ల దాకా నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాడు.

“అన్నా, లెయ్యి. చెరువు కట్ట అవతల స్తంభం వొరిగిపోయి ఉండాది. తీగ నా తలకందేంత కిందికి వచ్చేసింది. యేనుగులు ఆ దోవనే అడివికి పోవల్ల.”

“ఇప్పుడు యాడుండాయి?”

“రాగి సేన్లో మేస్తాండాయి. తెల్లారేలోపల తిరుక్కుంటాయి.”

నాకు పక్క సెక్షన్‌లో పడి ఉన్న ఏనుగు కళ్ల ముందుకు వచ్చింది. వెంటనే ఫోను తీసి సబ్‌స్టేషన్‌కు చేద్దామనుకున్నాను. ఒక్క ఫోను పోతే చాలు, ఆపరేటరు ఆ లైను ఆపేస్తాడు. కానీ వానకు టవరు పడుకున్నట్టుంది, సిగ్నల్ లేదు. గుమ్మం బయటికి వచ్చి పైకెత్తి చూశాను. తడిసిన అద్దం మీద నా వేలిని ఆ ఫోను గుర్తుపట్టడం కూడా మానేసింది. సిగ్నల్ దొరికే చోటు రోడ్డు మీదికి పోతే గానీ రాదు. దానికంటే కట్ట మీదుగా పోయి, ఆ తీగకు దగ్గర్లోనే ఉన్న స్విచ్చి తీసేయడం త్వరగా అవుతుంది.

ఆ స్విచ్చి సంగతి కొత్తవాళ్లకు తెలిసే ఉంటుంది, తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. జంట స్తంభాల పైన కత్తుల్లాంటి రేకులుంటాయి. వాటికి కట్టిన పొడవాటి పైపు కింది దాకా వచ్చి, ఒక హ్యాండిలుతో ముగుస్తుంది. ఎవరు పడితే వాళ్లు ముట్టుకోకుండా దానికి తాళం వేస్తాం. హ్యాండిలు కిందికి లాగితే పైన రేకులు విడిపోయి, అక్కడి నుంచి అవతలి లైనంతా చచ్చిపోతుంది.

రాత్రంతా ఏనుగుల వెంట తిరిగి ట్రాకర్ టార్చిలో చార్జింగ్ అయిపోయింది. నా టార్చి కిందటి వారమే నీళ్లు తాగి మూలబడింది. మిగిలింది అందరూ నవ్వే నా సైకిలు లైటే. సంచీ భుజాన వేసుకుని, అతన్ని వెనక క్యారేజీ మీద కూర్చోమన్నాను.

చెరువు కట్ట ఇరుకుగా ఉంటుంది. ఒకవైపు నిండా నీళ్లు, మరోవైపు పల్లం. వానకు అక్కడక్కడా కోసుకుపోయింది కూడా. లైటు ఉంటే తొక్కగలం, లేకుంటే తడుముకుంటూ నడవాలి. నడిస్తే తెల్లవారుతుంది. నేను తొక్కడం మొదలుపెట్టాను. లైటు ఒకసారి వెలిగి, ఒకసారి ఆరి, కన్ను కొడుతున్నట్టు చేసింది. బురద పట్టి డైనమో జారిపోతోంది. ట్రాకర్ ఏమీ అడక్కుండానే తన తలగుడ్డ తీసి, తిరుగుతున్న టైరుకు అదిమి తుడుస్తూ, రెండో చేత్తో డైనమోను టైరుకేసి నొక్కి పట్టుకున్నాడు. లైటు నిలకడగా వెలిగింది. చినుకులు ఆ వెలుగులో గీతలు గీసినట్టు పడుతున్నాయి. మిణుగురు పురుగులు మేలని అన్నవాడే దాన్ని చంటిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడని నాకు ఆ తొందరలోనూ నవ్వు వచ్చింది.

సగం కట్ట దాటామో లేదో, వెలుగు ఎర్రబడింది. తర్వాత ఆరిపోయింది. డైనమో తిరుగుతూనే ఉంది, చక్రమూ తిరుగుతోంది, వెలుగు మాత్రం లేదు. దిగి లైటును చేత్తో తడిమాను. ఊపి చూస్తే లోపల గుడగుడమంది. లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి. అంత టేపు చుట్టిన లైటులోకి నీళ్లెలా వచ్చాయా అని వైరు వెంట వేలు పోనిచ్చాను. హ్యాండిలు మీద నుంచి లైటులోకి నేరుగా దిగిన వైరు వెంట వాన నీరు సన్నగా జారుతోంది. టేపు కిందుగా, వైరుతో పాటే లోపలికి పోతోంది. పోయింది బయటికి రావడానికి నేను ఒక్క సందు కూడా ఉంచలేదు.

నాకు సిగ్గుతో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొత్త ఇంటికి సర్వీసు వైరు లాగినప్పుడు, మీటరుకు ముందు దాన్ని కిందికి వంపు తిప్పి వేలాడదీస్తాం. వాన నీరు ఆ వంపు అడుగున బొట్టు కట్టి కింద పడిపోతుంది, మీటరులోకి పోదు. ఎన్ని ఇళ్లకు వేశానో ఆ వంపు. వేయని వాళ్లను ఎన్నిసార్లు మందలించానో. నా సైకిలుకు మాత్రం వేయాలని తోచలేదు. కరెంటు పనివాడు తప్ప ఇంకెవరూ ఇంత నిక్కచ్చిగా నీళ్లను లోపల పెట్టి సీలు వేయరు.

గోటితో లైటు అడుగున టేపు చీల్చాను. నీళ్లు నా అరచేతిలోకి కారాయి. వైరును లాగి, లైటుకు ముందు కిందికి ఒక వంపు తిప్పి టేపుతోనే కట్టాను. సైకిలు వెనక చక్రం ఎత్తి పట్టుకుని పెడలు తిప్పితే, ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, తర్వాత తెల్లగా వెలిగింది. బల్బు వేడికి లోపలి తడి ఆవిరై, అద్దం మెల్లగా తేటపడడం చూశాను. ఆ వానలో, ఆ కట్ట మీద, అంత చిన్న వెలుగును చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్లు కరెంటుతో బతికినా అది అంత అద్భుతంగా ఎప్పుడూ కనిపించలేదు. పిల్లలూ, మీకు బ్యాటరీ లైటున్నా డైనమో ఉన్నా ఇదొక్కటి గుర్తుంచుకోండి. నీళ్లు రాకుండా చూసుకోండి, వస్తే పోయే దారి కూడా ఉంచండి.

ఆ తర్వాత లైటు ఆరలేదు. కట్ట దిగి మలుపు తిరిగేసరికి ట్రాకర్ నా వీపు మీద తట్టాడు. పచ్చిగడ్డి, పేడ, తడిసిన తోలు కలిసిన వాసన మా మొహానికి కొట్టింది. దూరంగా చేలో కంకులు విరుగుతున్న చప్పుడు వినపడుతోంది. జంట స్తంభాల కిందికి సైకిలు నడిపించి స్టాండు వేశాం. చేతి తొడుగులకు చిల్లులున్నాయేమో చూసుకోవాలి, తాళం తీయాలి. సైకిలు నిలబడితే డైనమో లైటు వెలగదు. ట్రాకర్ బురదలో చతికిలబడి పెడలును చేత్తో తిప్పుతూ ఉంటే, తన ఒంటితో వెలుగును చేని వైపు పోకుండా అడ్డుకుంటే, నేను తొడుగులు చూసుకుని తొడుక్కున్నాను. తాళం తీసి హ్యాండిలుకు తగిలించాను. బలమంతా పెట్టి కిందికి లాగాను.

పైన నీలంగా ఒక మెరుపు మెరిసి ఆరింది. అవతల పల్లెలో వీధి లైట్లు ఒక్కసారిగా పోయాయి. సబ్‌స్టేషన్ అనుమతి లేకుండా స్విచ్చి తీసినందుకు తర్వాత మా పై ఇంజనీరు ఏఈ గారు నన్ను కూర్చోబెట్టి చివాట్లు పెట్టారు, అవి అయ్యాక టీ తెప్పించారు. రెండూ న్యాయమే. మీరు మాత్రం అడక్కుండా తీయకండి.

ట్రాకర్ నా చెవి దగ్గరికి వచ్చి, లైటు కూడా ఆర్పేయమన్నాడు. అది కనపడితే అవి దోవ మార్చి పల్లె మీదికి పోవచ్చన్నాడు. దారంతా ప్రాణం పెట్టి కాపాడుకున్న లైటు. డైనమోను టైరు మీద నుంచి పక్కకు తప్పించాను. పెడలు ఆగింది. అంత చీకటిని నేను మళ్లీ చూడలేదు.

వాన తుంపరగా మారింది. మేమిద్దరం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాం. వొరిగిన స్తంభం మాకు రెండు స్తంభాల అవతల ఉంది, దాని పక్కనే ఏనుగుల దోవ. ఏమీ కనపడదు. కాసేపటికి కంకుల చప్పుడు ఆగిపోయింది. అవి బయలుదేరాయని ట్రాకర్ గుసగుసగా చెప్పాడు. నేను తొడుగులు తీసి సంచీలో పెడుతూ, తూలకుండా పక్కనున్న స్టే వైరు పట్టుకున్నాను. స్తంభం పడిపోకుండా పై నుంచి నేలలోకి ఏటవాలుగా బిగించే ఇనుప తాడు అది. మధ్యలో పింగాణీ గుండు ఉంటుంది కాబట్టి కింది భాగంలోకి కరెంటు రాదు.

అది నా చేతిలో కదిలింది.

గాలికేమో అనుకున్నాను. గాలి లేదు. మళ్లీ బిగుసుకుంది, మెల్లగా, చాలా బలంగా. కాసేపు అట్లాగే బిగిసి ఉండి, ఒక్కసారిగా వదులై, సన్నగా వణికింది. అప్పుడు నాకు అర్థమైంది. వేలాడుతున్న తీగ కిందుగా ఒక ఏనుగు దాటింది. దాని వీపు తీగను ఎత్తుకుని, రాసుకుంటూ పోయి, వదిలిపెట్టింది. ఆ లాగుడు తీగ వెంట స్తంభాలు దాటి, ఇక్కడ నా అరచేతిలోకి వచ్చింది.

ట్రాకర్ చెయ్యి పట్టి స్టే వైరు మీద పెట్టాను. మరోటి దాటింది. ఏళ్ల తరబడి ఏనుగుల వెంట తిరిగిన మనిషి, ఒక్కటి కూడా కనపడకుండా వాటిని ఇట్లా తాకడం అతనికీ మొదటిసారే. ఒకటి తేలిగ్గా రాసుకుని పోయింది, ఇంకా ఎదగనిది కాబోలు. ఒకటి దాటేటప్పుడు పైన పింగాణీ కిర్రుమంది. ప్రతి లాగుడుకూ, కరెంటు ఉండి ఉంటే ఇప్పుడు ఇది పడిపోయేది, ఇప్పుడు ఇది పడిపోయేది అని నా లోపల ఎవరో చెబుతున్నట్టే ఉంది. నా కళ్ల నుంచి నీళ్లు కారాయి, వాన కాబట్టి దాచుకునే పని లేకపోయింది.

తర్వాత వైరు కదలడం ఆగిపోయింది. నేను చేయి తీయబోతే ట్రాకర్ తీయనివ్వలేదు.

“ఇంగొగటుండాదన్నా. బిడ్డతల్లి.”

అంతలో వెనక నుంచి బురదలో అడుగుల చప్పుడు. చేతిలో కర్ర, తల మీద గోనెసంచి కప్పుకుని ఒక పెద్దాయన వచ్చాడు. ఆ రాగి చేను ఆయనదే. చేనికి ఇవతలి గట్టున గుడిసెలో కాపలా ఉన్నాడు. గుడిసె ముందర బల్బు ఆరిపోగానే నేరుగా స్విచ్చి దగ్గరికి వచ్చేశాడు. మా వైపు పల్లెల్లో కరెంటు పోతే లైన్‌మన్ కోసం కూర్చునే ఓపిక ఎవరికీ లేదు. తాళం లేకుంటే వాళ్లే వచ్చి ఎక్కించేసుకుంటారు. ఆ చీకట్లో కూడా ఆయన చెయ్యి తడుముకోకుండా హ్యాండిలు మీదికే పోయింది. నేను అడ్డంపడి పట్టుకున్నాను.

“కరెంటు యాల తీసినావప్పా? నా సేనంతా తొక్కి పారేసినాయి గదా అవి.”

గొంతు తగ్గించమని చెప్పి, తీగ కిందికి దిగిందనీ, అవి దాన్ని రాసుకుంటూ పోతున్నాయనీ, ఇప్పుడు ఎక్కిస్తే చచ్చిపోతాయనీ చెప్పాను.

“సావనీ. నా బిడ్డల నోటికాడి సంగటి తినేసి పోతాంటే, నువ్వు వాటికి దోవ ఇడస్తాండావా?”

ఆయన మాటలో తప్పేముంది? నాటి, కలుపు తీసి, కోతకు వచ్చిన చేను. నేను నెల జీతం మనిషిని, నాకు ఏనుగు అబ్బురంగా ఉంటుంది. ఆయన కర్ర కింద పడేసి రెండు చేతులతో హ్యాండిలు లాక్కోబోయాడు. వయసులో పెద్దయినా చేతులు ఇనుములా ఉన్నాయి. ట్రాకర్ కూడా వచ్చి పట్టుకున్నాడు. ఇంకేం చేయాలో తెలియక నేను ఆయన చెయ్యి ఒకటి గుంజి, స్టే వైరు మీద పెట్టి, పైన నా చెయ్యి అదిమాను.

“ఒక్క గడియ గమ్మునుండు పెద్దాయనా. ఆమైన నీ ఇష్టం.”

వైరు కదల్లేదు. ఆయన విదిలించుకోబోతున్నాడు. ఇంకాసేపైతే నేను వదిలేసేవాణ్నే.

అప్పుడు బిగుసుకుంది.

మిగతావాటిలా కాదు. బిగుసుకుని, ఆగిపోయింది. లాగిన వైరు లాగినట్టే ఉంది, మా చేతుల కింద సన్నగా అదురుతోంది. తల్లి సరిగ్గా తీగ కింద నిలబడిపోయింది. దాని వీపు మీద తీగ ఉంది. అది ఊపిరి తీసినప్పుడల్లా వైరు కొద్దిగా బిగిసి, కొద్దిగా సడలుతోంది. ఆ ఊపిరి మా ముగ్గురి అరచేతుల్లో తెలుస్తోంది. హ్యాండిలు మీదున్న పెద్దాయన రెండో చెయ్యి ఎప్పుడు జారిపోయిందో నేను గమనించలేదు.

“బిడ్డ కోసరం నిలిచుండాది,” అన్నాడు ట్రాకర్.

ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. చీకట్లో ఎక్కడో బురదలో చిన్న అడుగులు తపతపమన్నాయి. ఒక చిన్న కూత, మనింట్లో దూడ అరిచినంతే. దానికి జవాబుగా నేల లోపలి నుంచి వచ్చినట్టు ఒక గురగుర. ఆ శబ్దం చెవికంటే ముందు స్తంభానికి ఆనిన నా వీపుకు తెలిసింది. తర్వాత వైరు మెల్లగా, చాలా మెల్లగా వదులైంది. చివర్లో ఒకసారి మోగి ఆగిపోయింది.

అడవి వైపు కొమ్మలు విరిగిన చప్పుడు కొంతసేపు వినపడి, అది కూడా తగ్గిపోయింది. తూర్పున గుట్ట అంచు కొద్దిగా తెల్లబడుతోంది. నేలమట్టమైన చేను ఇంకాసేపట్లో ఆయన కంటికి కనపడుతుందని నాకు భయంగా ఉంది. నష్టపరిహారం గురించి ఏదో చెప్పబోయాను. ఆయన వినలేదు. చెయ్యి వైరు మీద నుంచి తీసి, అరచేతిని ఒకసారి చూసుకుని, పంచెకు తుడుచుకోకుండా అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత వంగి, హ్యాండిలుకు వేలాడుతున్న తాళాన్ని తడిమి తీసుకున్నాడు. కిందికి దిగి ఉన్న హ్యాండిలుకే దాన్ని దూర్చి, టక్కుమని నొక్కాడు. లాగి చూసుకున్నాడు.

“ఎవురన్నా వస్తారప్పా,” అన్నాడు. “ఎక్కించేస్తారు.”